జాగ్రత్త: జిమ్‌లో అమ్మే మాస్ గెయినర్ డబ్బా, దాంతో ఊరికే ఇచ్చే మాత్రల కవర్

భీమవరం, పాలకొల్లు, నరసాపురం చుట్టుపక్కల కొత్తగా జిమ్‌లో చేరుతున్న కుర్రాళ్ళకీ, వాళ్ళకి ఫీజు కట్టే అమ్మానాన్నలకీ ఈ పోస్టు. కోచ్ చేతుల మీదుగా అమ్ముడయ్యే మాస్ గెయినర్ (పాలలో కలుపుకుని తాగితే బరువు పెరుగుతారని అమ్మే పొడి) డబ్బా కొనకండి. కొన్నా కొన్నారు, దాంతో పాటు "ఆకలి పుట్టడానికి" అని చేతిలో పెట్టే పేరు లేని మాత్రలు మాత్రం నోట్లో వేసుకోకండి. డబ్బాతో పోయేది డబ్బులే. మాత్రలతో మా ఇంటి కుర్రాడు ఆసుపత్రి మెట్లెక్కాడు.

జిమ్ పేరు రాయడం లేదు. ఫిర్యాదు ఇచ్చాం, అది తేలకుండా పేరు బయటపెట్టడం సరికాదు. పైగా ఈ తంతు ఆ ఒక్క చోటే లేదని అడిగినకొద్దీ తెలుస్తోంది.

మా పిన్ని కొడుకు భీమవరంలో హాస్టల్లో ఉండి ఇంజినీరింగ్ చదువుతున్నాడు. బక్కపల్చని మనిషి, 54 కిలోలు. ఫ్రెండ్స్ ఏడిపిస్తుంటే జిమ్‌లో చేరాడు. చేరిన రోజే కోచ్ వాణ్ణి బరువు చూసే మెషిన్ ఎక్కించి, "ఎక్సర్‌సైజులు తర్వాత తమ్ముడూ, ముందు సైజు రావాలి. నెలలో ఐదు కిలోలు గ్యారంటీ" అన్నాడట. మూడు కిలోల డబ్బా 2,800 రూపాయలు. బిల్లు లేదు. డబ్బులు కూడా జిమ్ ఖాతాకి వెళ్ళలేదు, కోచ్ సొంత నంబర్‌కి వెళ్ళాయి. డబ్బా మీద పెట్టి ఒక చిన్న జిప్ కవర్ ఇచ్చాడు. అందులో గులాబీ రంగు మాత్రలు కొన్ని, తెల్లవి కొన్ని. షీట్ లేదు, పేరు లేదు, విడి మాత్రలు. రాత్రి అన్నం తిన్నాక రంగుకొకటి వేసుకోమన్నాడు. "ఇవేంటన్నా" అని అడిగితే "ఆయుర్వేదంరా, ఆకలి దంచేస్తుంది" అని జవాబు.

నెల తిరక్కుండానే ఐదు కిలోలు నిజంగానే పెరిగాడు. ఈ వ్యాపారం నడిచేదే ఆ ఐదు కిలోల మీద. పండక్కి ఇంటికొస్తే మా పిన్ని సంబరం చూడాలి. "ఇన్నాళ్ళకి వీడికి బుగ్గలొచ్చాయే" అని వచ్చిన చుట్టాలందరికీ పిలిచి మరీ చూపించింది. నాకు అనుమానం వచ్చింది ఆ బుగ్గల దగ్గరే. చేతులు ఎప్పట్లాగే సన్నగా ఉన్నాయి, భుజాల్లో మార్పు లేదు, మొహం మాత్రం గుండ్రంగా ఉబ్బి నున్నగా మెరుస్తోంది. చొక్కా విప్పితే వీపు నిండా మొటిమలు. మధ్యాహ్నం భోజనం అవగానే కూర్చున్న చోటే నిద్ర. క్లాసులోనూ అదే పరిస్థితి అట. బెంచ్ ప్రెస్ ఎంత ఎత్తుతున్నావురా అని అడిగితే, చేరిన కొత్తలో ఎంతో ఇప్పుడూ అంతేనన్నాడు. ఐదు కిలోల కండ పట్టినవాడు పాత బరువు దగ్గరే ఎందుకు ఆగిపోతాడు?

తిండి, వ్యాయామం, నిద్ర మూడూ కుదిరిన కొత్తవాడికి వారానికి పావు కిలో నుంచి అర కిలో పెరగడం మంచి లెక్క. అందులోనూ కొంత కొవ్వు, కొంత నీరు ఉంటాయి. నెలలో ఐదు కిలోలు గ్యారంటీ అన్నవాడు కండ గురించి మాట్లాడటం లేదు. ఉప్పు ఎక్కువ తిన్నా, పిండి పదార్థాలు బాగా ఎక్కించినా ఒంట్లో నీరు నిలిచి మెషిన్ మీద అంకె పెరుగుతుంది. డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడని మందులతో అయితే ఇంకా తొందరగా పెరుగుతుంది.

డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే బీపీ చూసి మళ్ళీ ఇంకోసారి చూశారు. ఇరవై ఏళ్ళ కుర్రాడికి ఉండాల్సిన దానికంటే ఎక్కువ ఉంది. షుగర్ కూడా హద్దు దాటే దగ్గర ఉంది. మాత్రలు అరచేతిలో పోసుకుని, "ల్యాబ్‌లో తేలకుండా ఇది ఫలానా మందని నేను చెప్పకూడదు. కానీ ఇలాంటి కేసులు ఇదివరకు చూశాను. ఒకటి స్టెరాయిడ్ అయ్యుంటుంది, రెండోది ఆకలి పుట్టించే అలర్జీ మందు అయ్యుంటుంది" అన్నారు. డెక్సామెథాసోన్, సైప్రోహెప్టడిన్ అనే జత బరువు పెంచే మాత్రల పేరుతో మన దేశంలో చాలా చోట్ల దొంగచాటుగా తిరుగుతోంది. మొదటిది స్టెరాయిడ్, అది మొహం ఉబ్బించి, షుగర్ పెంచి, బీపీ పెంచుతుంది. రెండోది జలుబుకీ దురదలకీ వాడే పాత మందు, దాంతో ఆకలీ నిద్రా రెండూ ముంచుకొస్తాయి. మా వాడి లక్షణాలు అచ్చం ఇవే.

ఇక్కడ ఒక ముఖ్యమైన మాట. ఇది చదివి భయపడి, ఇప్పటికే వాడుతున్న మాత్రలు టక్కున ఆపేయకండి. బయటి నుంచి స్టెరాయిడ్ వస్తుంటే ఒంట్లో సహజంగా తయారయ్యే కార్టిసాల్ అనే హార్మోన్ తగ్గిపోతుంది. ఒక్కసారిగా మానేస్తే నీరసం, వాంతులు, బీపీ పడిపోవడం, కొందరికి ప్రాణం మీదికి రావడం కూడా ఉంది. అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్ళండి, కవర్ వెంట తీసుకెళ్ళండి. మా వాడికి పొద్దున్నే కార్టిసాల్ రక్తపరీక్ష చేయిస్తే తక్కువే వచ్చింది. డాక్టర్ గారు ఆ మాత్రల బదులు పేరూ మోతాదూ తెలిసిన స్టెరాయిడ్ మందు రాసి, దాని మోతాదు మెల్లమెల్లగా తగ్గించుకుంటూ వస్తున్నారు. బుగ్గలు తగ్గుతున్నాయి. పిన్నికి మళ్ళీ దిగులు.

నేనూ బాబాయీ కలిసి కోచ్‌ని అడగడానికి వెళ్ళాం. మర్యాదకి లోటు లేదు, కుర్చీలేశాడు. "ఆయ్, అందరూ వాడేదేనండి. మీ తమ్ముడికి ఒళ్ళు వేడి చేసినట్టుంది, కొబ్బరినీళ్ళు తాగించండి" అన్నాడు. బీపీ, షుగర్ రిపోర్టులు చూపిస్తే మొహం మారింది. డబ్బా వెనక్కి తీసుకోమంటే "సీలు తీసేశారు కదండీ, ఎలా తీసుకుంటాం" అన్నాడు. మాత్రల సంగతి ఎత్తేసరికి "నేనిచ్చానని రుజువేంటండి?" అన్నాడు. బిల్లు ఎందుకు ఇవ్వలేదో అప్పుడు అర్థమైంది. ఆరు నెలల ఫీజు ముందే కట్టించుకున్నారు, అందులో రూపాయి కూడా వెనక్కి రాదని అక్కడే గోడకి అంటించిన కాగితం చూపించాడు.

ఇక డబ్బా సంగతి. ముందు వైపు పెద్ద అక్షరాల్లో ప్రొటీన్ 25 గ్రాములు అని ఉంది. వెనక్కి తిప్పితే పట్టికలో రెండు వరసలు: ఉత్తి పొడి 100 గ్రాములకి ఒకటి, 300 మిల్లీలీటర్ల పాలలో కలిపితే ఇంకొకటి. ఉత్తి పొడిలో ప్రొటీన్ 15 గ్రాములే. మిగతా పది గ్రాములు పాలవి, ఆ పాలు కొనేది మనమే! పిండి పదార్థాలు 78 గ్రాములు, అందులో మొదటి పేరు మాల్టోడెక్స్‌ట్రిన్. మొక్కజొన్న పిండి నుంచి తీసే చవక పదార్థం అది, గ్లూకోజ్ తాగినట్టే షుగర్ పెంచుతుంది. మూడు కిలోలూ తాగితే ఒంటికి చేరే ప్రొటీన్ 450 గ్రాములు. గుడ్డుకి ఆరు గ్రాముల చొప్పున 75 గుడ్లలో అంత ఉంటుంది. గుడ్డు ఏడు రూపాయలనుకున్నా 525 రూపాయలు. తణుకు, అనపర్తి కోళ్ళ ఫారాలు పక్కనే పెట్టుకుని మనవాళ్ళు 2,800 పెట్టి డబ్బా కొంటున్నారు.

మా బాబాయికి రొయ్యల చెరువు ఉంది. వనామీ మేత బస్తా కొనాలంటే ప్రొటీన్ దాదాపు 35 శాతం ఉందా లేదా, ఏ నెలలో తయారైంది అని తిప్పి తిప్పి చూస్తాడు. కొడుకు తాగే డబ్బా మీద 15 శాతం ఉందని నేను చదివి చెబితే కాసేపు నోట మాట రాలేదు.

ఆ 15 కూడా నిజమో కాదో. డబ్బా మీద ధర స్టిక్కర్ గోటితో గీకితే కింద ఇంకో స్టిక్కర్ ఉంది, దాని మీద 2,150 అని ఉంది. దిగుమతి సరుకులా కనిపించే పేరే గానీ, దిగుమతి చేసుకున్నవాళ్ళ పేరూ చిరునామా ఎక్కడా లేవు. 14 అంకెల ఫుడ్ లైసెన్స్ నంబర్ అయితే అచ్చు వేశారు. దాన్ని కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ వారి ఫాస్‌కాస్ సైట్‌లో కొడితే వేరే కంపెనీ పేరు వచ్చింది. కోచ్ ముందే డబ్బా తిప్పి ఈ మూడూ చూడటానికి రెండు నిమిషాలు పడుతుంది.

పేరున్న డబ్బాలన్నీ పవిత్రమని అనుకోనక్కర్లేదు. 2024లో కేరళ డాక్టర్ల ఆధ్వర్యంలో మన మార్కెట్‌లోని 36 ప్రొటీన్ పొడులు పరీక్షిస్తే, దాదాపు 70 శాతం వాటిలో లేబుల్ మీద రాసినదానికీ లోపల ఉన్నదానికీ పొంతన లేదు. మామూలు పరీక్ష నైట్రోజన్‌ని కొలిచి, 6.25తో గుణించి ప్రొటీన్ లెక్క కడుతుంది. అందుకే నైట్రోజన్ ఉండే గ్లైసిన్, టారిన్ లాంటి చవక పదార్థాలు కలిపి అంకె పెంచేస్తుంటారు. అదే ఏడాది హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ ఆహార మార్గదర్శకాల్లో కండల కోసం ప్రొటీన్ సప్లిమెంట్లు వద్దనే చెప్పింది. నేనైతే అంత దూరం వెళ్ళను. నిఖార్సైన వే ప్రొటీన్ పాల నుంచి వచ్చేదే, హాస్టల్ మెస్సులో పప్పు నీళ్ళలా ఉంటే రోజుకొక స్కూప్ సాయపడుతుంది. కానీ అది కిలో డబ్బాలో 700 గ్రాములకి పైగా ప్రొటీన్ ఉండే సరుకు. మూడు కిలోల గెయినర్‌ని దాని పక్కన పెట్టి "క్వాంటిటీ చూడు తమ్ముడూ" అనేవాణ్ణి నమ్మొద్దు.

మరి సన్నగా ఉన్నవాడు ఏం తినాలి? శరీర బరువులో కిలోకి 1.6 గ్రాముల ప్రొటీన్ చాలు, అంటే మా వాడికి రోజుకి 85, 90 గ్రాములు. నాలుగు గుడ్లకి 24, అర లీటరు పాలకి 16, నూట యాభై గ్రాముల చికెన్‌కి 30 పైన, లేదా అంతే శీలావతి ముక్కలకి పాతిక. మిగిలింది పప్పూ అన్నమే పూర్తి చేస్తాయి. మాంసం తినని ఇళ్ళలో 50 గ్రాముల మీల్‌మేకర్‌లో పాతిక గ్రాములు ఉంటుంది. ఇక అదనపు కేలరీలు: రోజూ తినేదానికి 300 నుంచి 500 ఎక్కువైతే సరిపోతుంది. రెండు సున్నుండలు, గ్లాసు పాలతో ఆ లెక్క తేలిపోతుంది. హాస్టల్‌కి అమ్మ డబ్బాలో పెట్టి పంపితే వారం నిలవుంటాయి. రావులపాలెం అరటిపళ్ళు ఎలాగూ చేతికందే దూరంలోనే ఉన్నాయి.

ఎక్సర్‌సైజులు తర్వాత అన్న మాట కూడా తలకిందులుది. పని పెట్టకుండా తిండి పెంచితే పొట్ట పెరుగుతుంది. వారానికి మూడు రోజులు స్క్వాట్, బెంచ్, రో, డెడ్‌లిఫ్ట్, భుజాల ప్రెస్. పద్ధతి కుదిరాక కొంచెం కొంచెంగా, రెండున్నర కిలోల చొప్పున బరువు పెంచుకుంటూ పోవడం. ఎత్తింది నోట్‌బుక్‌లో రాసుకోవడం. కొత్తవాడికి అంతకు మించి అక్కర్లేదు. మా వాడి చేత రోజూ బైసెప్స్ మెషిన్లే చేయించారు. స్క్వాట్ ఒక్కసారి కూడా నేర్పలేదు. ఫీజు నెలనెలా కట్టించుకునే జిమ్ చూసుకోండి, ఆరు నెలలది ముందే అడిగితే కారణం అడగండి.

ఇప్పటికే కొని ఇరుక్కున్నవాళ్ళకి: జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. తెలుగులో మాట్లాడొచ్చు. ఆహార పదార్థాల మీద ఫిర్యాదు ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్‌కి, మాత్రల మీద డ్రగ్స్ ఇన్‌స్పెక్టర్‌కి వేర్వేరుగా ఇవ్వాలి. స్టిక్కర్ మార్చి ఎంఆర్‌పీ కంటే ఎక్కువ తీసుకుంటే అది తూనికలు కొలతల శాఖ పరిధి. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఐదు లక్షల లోపు కేసుకి ఫీజు ఉండదు, రెండేళ్ళ లోపు వేయాలి. బిల్లు లేదని వెనక్కి తగ్గొద్దు. కోచ్ నంబర్‌కి పంపిన చెల్లింపు రసీదు, "మాత్రలు అయిపోతే చెప్పు తమ్ముడూ" అని వాడే పెట్టిన వాట్సాప్ మెసేజ్ మా ఫిర్యాదుకి పనికొచ్చాయి.

మిగిలిన పొడినీ మాత్రలనీ పారేయొద్దు. మూత బిగించి, కవర్ అలాగే మడిచి, కొన్న తేదీ మీద రాసి పక్కన పెట్టండి. ఫిర్యాదు ఇచ్చేటప్పుడు అధికారులు మమ్మల్ని ముందు అడిగింది అవే.