26 గంటల నిరీక్షణ: ‘క్రాస్‌రోడ్స్ ఆఫ్ ట్వైలైట్’ను మూడుసార్లు విన్నాక

రాబర్ట్ జోర్డాన్ రాసిన ‘వీల్ ఆఫ్ టైమ్’ పరంపరలో పదో పుస్తకమైన ‘క్రాస్‌రోడ్స్ ఆఫ్ ట్వైలైట్’ ఆడియోబుక్‌ను నేను మొదటిసారి 2021లో సగం దాకా విని వదిలేశాను. మరుసటి ఏడాది పట్టుబట్టి పూర్తి చేశాను. పరంపర మొత్తాన్ని మళ్లీ మొదటి నుంచి వింటూ వచ్చిన క్రమంలో ఇటీవల మూడోసారి విన్నాను. దాదాపు 26 గంటల నిడివి గల ఈ పుస్తకంపై నా అభిప్రాయం మూడుసార్లూ ఒకేలా లేదు. కథలోని మలుపులు కొన్నింటిని చెప్పకుండా ఈ సమీక్ష రాయడం సాధ్యం కాదు కనుక, తొమ్మిదో పుస్తకం దాకా రానివారు ఇక్కడితో ఆగడం మంచిది.

నేను వినే పద్ధతి ముందుగా చెప్పాలి, ఎందుకంటే ఈ పుస్తకం విషయంలో ఎక్కడ, ఎలా విన్నామన్నదాన్ని బట్టి తీర్పు మారిపోతుంది. ఉద్యోగరీత్యా కాజీపేట నుంచి సికింద్రాబాదుకు రైల్లో రాకపోకలు సాగిస్తుంటాను. పోను రెండు గంటలకు పైగా, రాను అంతే. 14 పుస్తకాలు కలిపి 400 గంటలకు మించిన ఈ కథంతా నాకు ఆ రైలు కిటికీ పక్కనే, సీటు దొరకని రోజుల్లో తలుపు దగ్గరే సాగింది. అచ్చులో 700 పుటలకు దగ్గరగా ఉండే ఈ పుస్తకాన్ని చేత్తో పట్టుకొని జనరల్ బోగీలో నిలబడి చదవడం ఎవరి తరమూ కాదు.

1990లో మొదలైన ఈ పరంపరను 2007లో మరణించేనాటికి జోర్డాన్ పూర్తి చేయలేకపోయారు. ఆయన వదిలివెళ్లిన రాతప్రతులను, నోట్సును ఆధారం చేసుకొని చివరి మూడు పుస్తకాలను బ్రాండన్ శాండర్సన్ రాయగా 2013లో కథ ముగిసింది. తొమ్మిదో పుస్తకం 2000 నవంబరులో, పదోది 2003 జనవరిలో, పదకొండోది 2005 అక్టోబరులో వెలువడ్డాయి. ఈ మూడు తేదీలను పక్కపక్కన పెట్టుకొని చూడకపోతే, ఈ పుస్తకంపై అప్పటి అభిమానులకు కలిగిన కోపం ఈనాటి శ్రోతకు అర్థం కాదు. రెండేళ్లకు పైగా ఎదురుచూసినవారి చేతికి, కథ ముందుకు జరగని పుస్తకం వచ్చింది. వచ్చాక మళ్లీ రెండేళ్లకు పైగా ఎదురుచూడమంది.

కథ ఎందుకు జరగలేదో చెప్పాలంటే దాని నిర్మాణం చూడాలి. తొమ్మిదో పుస్తకం చివర కథానాయకుడు రాండ్, అతని ఊరికే చెందిన నైనీవ్ కలిసి, మగవారి మంత్రశక్తికి మూడు వేల ఏళ్లకు పైగా పట్టి ఉన్న మాలిన్యాన్ని కడిగివేస్తారు. పరంపర మొత్తంలో అంతటి ఘట్టాలు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే ఉన్నాయి. పదో పుస్తకం అక్కడి నుంచి ముందుకు నడవకుండా కాలాన్ని వెనక్కి తిప్పి, ఆ రోజు దాకా మిగిలినవారు ఎక్కడెక్కడ ఏం చేస్తున్నారో ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి చెబుతుంది. షైడోలనే శత్రుతెగవారు ఎత్తుకుపోయిన భార్య ఫయీల్ కోసం రాండ్ చిన్ననాటి నేస్తం పెరిన్ వెతుకుతుంటాడు. మరో నేస్తం మాట్, సముద్రం దాటి దండెత్తి వచ్చిన షాంచన్‌ల కళ్లుగప్పి, వారి సింహాసన వారసురాలు టువాన్‌నే వెంటబెట్టుకొని, ఒక సర్కస్ బృందంలో కలిసిపోయి తప్పించుకు తిరుగుతుంటాడు. ఆండోర్ రాజ్యపు సింహాసనం కోసం పోటీపడుతున్న ఎలేన్, ముట్టడిలో ఉన్న రాజధాని కేమ్లిన్‌లో కూర్చొని మద్దతుదారులను లెక్కపెట్టుకుంటుంది. ఐజ్ సెడాయ్ అనే మంత్రశక్తి గల స్త్రీల సంఘంలో తిరుగుబాటు వర్గానికి నాయకురాలైన ఎగ్వేన్, ఆ సంఘానికి కేంద్రమైన టార్ వాలన్ నగరం బయట సైన్యంతో విడిది చేసి ఉంటుంది. వీరిలోనో, వీరి వెంట ఉన్నవారిలోనో మంత్రశక్తి గలవారికి దూరాన ఎక్కడో ఊహకందనంత జ్వాల లేచినట్టు తెలుస్తుంది. అదేమిటో మనకు ముందే తెలుసు. తెలిసిన సంగతి గురించే పాత్రలు ఒకరి తర్వాత ఒకరు విస్తుపోతుంటే వింటూ కూర్చోవడం మన వంతు. రాండ్ అయితే ఒక అధ్యాయంలోనూ, చివరి భాగంలోనూ తప్ప కథలోకి వచ్చినట్టే ఉండదు.

ఇలాంటి నిరీక్షణ మనకు కొత్త కాదు. ఉద్యోగ పర్వంలో యుద్ధం జరగదు, రాయబారాలే జరుగుతాయి. అయినా మా ఊళ్లో పద్య నాటకం ఆడినప్పుడు జనం కాచుకొని కూర్చునేది రాయబారం సీను కోసమే. ‘వన్స్ మోర్’ అని ఒకే పద్యాన్ని రెండుసార్లు పాడించుకునేవారు. అక్కడ జరిగేది మాటే అయినా ఆ మాటతో ఏదో ఒకటి తేలిపోతుంది. ఒకరు అడుగుతారు, మరొకరు కాదంటారు, సంధికి దారి మూసుకుపోతుంది. జోర్డాన్ ఈ పుస్తకంలో ఎన్నో సంప్రదింపులు మొదలుపెట్టారు గాని తేల్చినవి తక్కువ. రెండుగా చీలిన ఐజ్ సెడాయ్‌ల మధ్య చర్చలు ప్రారంభమవుతాయి, అంతే. కథ నెమ్మదిగా నడవడం కన్నా, ఈ తేలకపోవడమే నన్ను మొదటిసారి పుస్తకం ఆపేసేలా చేసింది.

ఈ పుస్తకం గురించి తోటి శ్రోతలు చెప్పే మాటలను కొన్నేళ్లుగా శ్రద్ధగా గమనిస్తున్నాను. ఏడెనిమిదో పుస్తకం నుంచి పదో పుస్తకం దాకా ఉన్న భాగాన్ని అభిమానులు ‘స్లాగ్’ అంటారు. బురదలో కాళ్లీడ్చుకుంటూ నడవడం వంటిదన్నమాట. ఆ బురదలో అన్నిటికన్నా లోతైన చోటు ఇదేనన్న విషయంలో పెద్దగా భేదాభిప్రాయం లేదు. ఏం చేయాలన్న దగ్గరే తగవు. సారాంశం చదువుకొని పదకొండులోకి వెళ్లిపొమ్మని కొందరంటారు. ఆ సలహా ఇచ్చేవారిలో చాలామంది తాము మాత్రం పూర్తిగా విన్నవారేనన్నది గమనించవలసిన విషయం. ఎదురుచూడవలసిన ఏళ్లు ఇప్పుడు లేవు కనుక పుస్తకంలోని లోపమూ పోయిందని వాదించేవారు మరికొందరు. ఇందులో సగం నిజముంది: 2003 నాటి పాఠకుడికి ఇది రెండేళ్లకు పైబడిన ఆశ, నాకు ఏడు రోజుల ప్రయాణం. అయితే కోపం తగ్గినంత మాత్రాన నిర్మాణం బాగుపడదు.

అన్నిటికన్నా ఎక్కువగా వినిపించేది వేగం పెంచి వినమన్న సలహా. మొదటిసారి నేను చేసిన పని అదే. ఒకటిన్నర రెట్ల వేగంతో, రైలు చప్పుడులో, ఇంగ్లీషు మాతృభాష కాని నా చెవికి అందినవి చీరకుచ్చెళ్ల వంటి గౌనుల వర్ణనలూ, టీ కప్పులూ, వాతావరణమూ మాత్రమే. వాటి మధ్య ఎవరు ఎవరిని బెదిరిస్తున్నారో జారిపోయింది. రెండోసారి వేగం కాస్త తగ్గించాను. మూడోసారి మామూలు వేగంతోనే విన్నాను, ఆశ్చర్యంగా పుస్తకం చిన్నదైనట్టు అనిపించింది. దానికి కారణం చదివినవారే. పరంపరలోని 14 పుస్తకాలనూ మైకేల్ క్రామర్, కేట్ రీడింగ్ అనే దంపతులు చదివారు. పురుషపాత్ర దృష్టితో నడిచే అధ్యాయాలు ఆయనవి, స్త్రీపాత్ర దృష్టితో నడిచేవి ఆమెవి. క్రామర్ ఒక్కొక్క మాటా నిలిపి, తొందర లేకుండా చదువుతారు. అమెరికన్ శ్రోతల్లో కొందరు దాన్ని మందకొడితనం అంటారు గాని, మా వంటివారికి అది మేలే చేస్తుంది. మాట్ లోలోపల గొణుక్కునే చోట ఆయన గొంతులో దొర్లే విసుగు అచ్చులో దొరకదు. రీడింగ్ ప్రత్యేకత సభల్లో కనిపిస్తుంది: పదిమంది ఐజ్ సెడాయ్‌లు ఒకే గుడారంలో మాట్లాడుకుంటున్నా, ఎవరి మాట మర్యాదో, ఎవరి మర్యాద మాటున విషముందో ఆమె పలికే తీరుతోనే తెలిసిపోతుంది. ఈ పుస్తకంలోని బరువైన భాగం, అంటే ఎలేన్, ఎగ్వేన్‌ల అధ్యాయాలు, ఆమె మీదే పడ్డాయి. ఇంకెవరైనా చదివి ఉంటే రెండోసారీ నేను మధ్యలోనే దిగిపోయేవాణ్ని. ఒకే పాత్ర ఆయన నోట ఒకలా, ఆమె నోట మరోలా వినిపించడం మాత్రం మొదటి పుస్తకాల్లో ఇబ్బంది పెడుతుంది. పదోదాని దాకా వచ్చినవారికి అది అలవాటై ఉంటుంది.

వినడంలో ఉన్న అసలు కష్టం పేర్లతో. చదివేవారు పుట వెనక్కి తిప్పి చూసుకోగలరు. చెవితో వినేవారికి ఆ సౌకర్యం లేదు, ఈ పుస్తకంలోనేమో ఐజ్ సెడాయ్‌లూ, ఆండోర్ కులీన వంశాలవారూ గుంపులు గుంపులుగా వస్తారు. రెండోసారికి నేను ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకొని పేర్లన్నీ తెలుగులో రాసుకున్నాను. విన్నది విన్నట్టు రాసుకోవడానికి మన లిపి చక్కగా పనికొచ్చింది గాని, దానివల్ల ఒక తమాషా జరిగింది. ఇదే కథను అచ్చులో చదివిన మిత్రుడొకరు పెరిన్ భార్యను ఆఫీసు ‘ఫైలు’ పలికినట్టు పలికేవాడు, నేను ‘ఫయీల్’ అనేవాణ్ని. ఒక సాయంత్రం అంతా మేమిద్దరం ఇద్దరు వేర్వేరు స్త్రీల గురించి మాట్లాడుకుంటున్నామనుకొని వాదించుకున్నాం.

ఇక ఈ పుస్తకాన్ని దాటేయవద్దని నేనెందుకు అంటున్నానో చెబుతాను. సైన్యానికి ధాన్యం కొనడానికి పెరిన్ సో హాబర్ అనే ఊరికి వెళతాడు. ఆ ఊళ్లో చనిపోయినవారు తిరుగుతుంటారు. బతికున్నవారు స్నానమైనా చేయక, మాసిన బట్టలతో, భయంతో, ఆ భయం గురించి నోరెత్తకుండా బతుకుతుంటారు. గాదెల్లోని ధాన్యమంతా పురుగు పట్టి ఉంటుంది, అయినా కొనక తప్పదు. ఊరివారి చేతనే ఆ ధాన్యాన్ని బయటికి తెప్పించి, తూర్పారబట్టించి, పురుగులను వేరుచేయిస్తాడు. దయ్యాల కథలు ఎన్నో విన్నాను గాని, తిండిగింజలో పురుగును చూపించి లోకం చెడిపోతోందని ఇంతగా నమ్మించినది మరొకటి నాకు గుర్తుకు రావడం లేదు. కథ నడవని పుస్తకంగా పేరుపడ్డ దీనిలో, ప్రళయం ముంచుకొస్తోందన్న సంగతి వేరే యుద్ధమేదీ లేకుండానే ఒళ్లు జలదరించేలా తెలుస్తుంది.

పెరిన్‌దే మరొక ఘట్టం. మొదటి పుస్తకంలో ఎల్యాస్ అనే తోడేళ్ల నేస్తం అతనికి గొడ్డలి గురించి ఒక హితవు చెబుతాడు: దాన్ని ద్వేషించినంత కాలం దగ్గరుంచుకో, ద్వేషం పోయిన రోజున పారేయి అని. ఆ మాట విన్న తర్వాత శ్రోతకు 200 గంటలు దాటిపోతాయి. ఈ పదో పుస్తకంలో భార్య జాడ కోసం ఒక షైడో బందీ చేతిని పెరిన్ ఆ గొడ్డలితో నరుకుతాడు. తర్వాత దాన్ని ఒక చెట్టులో దిగగొట్టి, అక్కడే వదిలేసి వెళ్లిపోతాడు. క్రామర్ ఇక్కడ గొంతు పెంచరు, పైగా తగ్గిస్తారు. మొదటిసారి నేను ఈ అధ్యాయం దాకా రానేలేదు. రెండోసారి వేగం మోజులో దీని బరువు తెలియలేదు. మూడోసారి ఆలేరు దాటాక విని, పక్కవారు చూస్తున్నారని కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. సారాంశంలో ఇది ఒక్క వాక్యం.

ఎలేన్ భాగాన్ని మాత్రం నేను వెనకేసుకు రాలేను. గర్భిణి అయిన రాణీకుమార్తె ఏం తాగవచ్చో, ఏం తాగకూడదో, స్నానానికి నీళ్లు ఎప్పుడు పెట్టారో, ఏ వంశంవారు ఎంతమంది సాయుధులతో వచ్చారో చెబుతూ అధ్యాయాలు గడుస్తాయి. ముట్టడిలో ఉన్న నగరంలో ఆకలి ఉండాలి గదా, ఇక్కడ అది చెవికి తగలదు. మూడోసారి కూడా ఈ భాగం వస్తే నిద్ర పట్టింది. ఒకసారి దిగవలసిన చోటు దాటిపోయేదే, తోటి ప్రయాణికుడు తట్టి లేపాడు. సుదీర్ఘమైన ప్రోలోగ్ కూడా నాకు భారమే. కొత్తగా వినేవారు దాన్ని రెండు మూడు దఫాలుగా విని, పేర్లు రాసుకుంటే తర్వాత ఇబ్బంది తగ్గుతుంది.

మాట్, టువాన్‌ల సర్కస్ ప్రయాణం ఈ లోటును కొంత తీరుస్తుంది. వారిద్దరి పొడుపుమాటలు చివరి దాకా ఎక్కడికీ పోవు, కానీ ప్రతిసారీ ఎవరో ఒకరు ఒక మెట్టు ఎక్కుతారు. ఆఖరున, టార్ వాలన్ రేవుకు అడ్డంగా కట్టిన ఇనుప గొలుసును తెగని, పగలని క్వెందియార్‌గా మార్చడానికి మరొకరిని పంపకుండా ఎగ్వేన్ తానే పడవలో వెళుతుంది. పని పూర్తవుతుంది, ఆమె పట్టుబడుతుంది. 26 గంటలుగా కూర్చున్న మనిషి లేచి కదిలిన క్షణమే పుస్తకం ముగింపుకు రావడం చూసి 2003లో చదివినవారు ఎంత మండిపడి ఉంటారో ఊహించగలను. దాని తర్వాత వచ్చే చిన్న చివరి భాగంలో రాండ్‌కు షాంచన్‌ల నుంచి జవాబు అందుతుంది: సంధి మాట్లాడాలంటే తొమ్మిది చందమామల కుమార్తెను, అంటే వారి సింహాసన వారసురాలిని, కలవాలని. ఆ కుమార్తె ఎక్కడుందో, ఎవరి వెంట సర్కస్ బండిలో తిరుగుతోందో రాండ్‌కు తెలియదు, మనకు తెలుసు.

మూడోసారి ఆ మాట విన్నప్పుడు రైలు స్టేషన్ ఘన్‌పూర్‌లో ఆగి ఉంది. కాజీపేట రావడానికి ఇంకా సమయం ఉండటంతో పదకొండో పుస్తకం మొదలుపెట్టాను.