40 కప్పుల బల్ల ట్రే సెట్టు: ఏది కొనాలి, ఏది వద్దు

గుంటూరులో అయినా బెజవాడలో అయినా క్రైస్తవ పుస్తకాల షాపులో బల్ల సామాను, అంటే చర్చిలో ప్రభువు బల్లకి రొట్టె, ద్రాక్షరసం పంచే సామాను అడిగితే చూపించేది దాదాపు ఒకటే సెట్టు. 12 అంగుళాల గుండ్రటి ట్రే, దానికి చిన్న కప్పులు కూర్చునే 40 కన్నాలు, పైన శిలువ పిడి ఉన్న మూత, అడుగున పీట, రొట్టెకు వేరే పళ్లెం. బల్లలో చెయ్యి వేసేవాళ్లు, అంటే రొట్టె, రసం తీసుకునేవాళ్లు 160 మంది ఉంటే నాలుగు ట్రేలు, 200 మంది ఉంటే అయిదు. ట్రేలు ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి కాబట్టి మూత, పీట ఒక్కొక్కటి తీసుకుంటే సరిపోతుంది. షాపువాళ్లు ప్రతి ట్రేకీ మూత అంటగట్టాలని చూస్తారు, అక్కర్లేదు.

సెట్టు కొనదగ్గదే. అయితే లోహం, కప్పు చూసుకుని కొనాలి. అసలు ఉండాల్సిన వస్తువు ఒకటి ఈ సెట్టులో లేదు, దాని సంగతి చివర్లో.

బంగారు రంగు అల్యూమినియం ట్రే షాపులో దగదగలాడుతుంది. మన స్త్రీల సమాజం వాళ్ల చేతికి వెళ్లాక మూడో నెలకి ఆ మెరుపు ఉండదు. తప్పు వాళ్లది కాదు, ఇత్తడి సామాను తోమిన అలవాటుతో చింతపండు, ఉప్పు పెట్టి పీచుతో రుద్దుతారు. పులుపుకి ఆ పూత లేచిపోతుంది. ద్రాక్షరసంలోనూ పులుపే ఉంది కాబట్టి ఆదివారం ఒలికిన చుక్కలు సోమవారం దాకా ఉంటే కన్నాల చుట్టూ నల్లటి మచ్చలు, కొన్నాళ్లకి సన్న గుంటలు పడతాయి. స్టీలు ఖరీదు ఎక్కువే, అయినా అదే తీసుకోండి. బాపట్ల, రేపల్లె వైపు ఉప్పుగాలి తగిలే ఊళ్లలో నాసిరకం స్టీలుకి కూడా తుప్పు చుక్కలు వస్తాయి, బిల్లు మీద 304 రకం అని రాయించుకోండి. కొనేటప్పుడు కన్నాల అంచు కింద వేలు పెట్టి తిప్పి చూడండి. గరుకు తగిలితే ఆ ట్రే తుడిచే గుడ్డనీ చింపుతుంది, వేలునీ కోస్తుంది.

కప్పుల దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. ట్రే ఒక షాపులో, గాజు కప్పులు ఇంకో షాపులో కొంటే కన్నానికీ కప్పుకీ కుదరదు. బిగుతైతే కప్పు తీసేవాళ్లు లాగుతారు, లాగిన కుదుపుకి పక్కన ఉన్న నాలుగు కప్పులు ఒలుకుతాయి. వదులైతే ట్రే నడిచినంతసేపూ గలగల. ట్రేని షాపుకి తీసుకెళ్లి పది కప్పులు పెట్టి, తీసి చూసి కొనండి. గాజువి 200 కావాలంటే 220 తీసుకోండి, పగిలేవి పగులుతాయి. వాడి పారేసే ప్లాస్టిక్ కప్పులు చవకే, కడగక్కర్లేదు. కానీ అంచు మెత్తగా ఉండి వేళ్ల మధ్య నలుగుతాయి, ఖాళీ అయినవి ఫ్యాను గాలికి చాపల మీద దొర్లుతాయి. గాజు కప్పులు నిండిన ట్రే కిలో దాటుతుంది. చాపల మీద కూర్చునే సంఘంలో దాన్ని చేతులు మార్చుకుంటూ పంపితే పెద్దవాళ్ల దగ్గర ఒరుగుతుంది. సంఘ పెద్దే రెండు చేతులా పట్టుకుని వరస వెంట నడవాలి.

కప్పుకి 6 మిల్లీలీటర్లు, అంటే మూడింట రెండు వంతులు. అంతకు మించి పోస్తే ట్రే కదిలినప్పుడు ఒలుకుతుంది. ఆ లెక్కన ట్రేకి 240, నాలుగు ట్రేలకి 960. ఒలికేదానితో కలిపి 1,100 మిల్లీలీటర్లు సిద్ధం చేసుకోండి. సెట్టుతో ఇచ్చే రబ్బరు బుడ్డి మొదట్లో బాగానే పనిచేస్తుంది, రసంలో పిప్పి ఉంటే మూతి పూడుకుపోతుంది. సన్న ముక్కున్న చిన్న గిన్నె దీనికంటే నయం.

రసం ఇంట్లో తీసేవాళ్లకి రెండు కిలోల నల్లద్రాక్ష చాలు. గ్లాసుడు నీళ్లు పోసి సన్న సెగ మీద పది నిమిషాలు ఉడికించి గరిటెతో మెదపాలి. మిక్సీలో వేస్తే గింజ నలిగి చేదెక్కుతుంది. పల్చటి గుడ్డలో వడగట్టి, మరిగించిన గాజు సీసాలో వేడిగా ఉన్నప్పుడే పోసి మూత బిగించాలి. చల్లారాక ఫ్రిజ్‌లో పెడితే వారం ఆగుతుంది. ఎండాకాలంలో శనివారం తీసి బయట పెడితే ఆదివారం ఉదయానికి బుడగలొస్తాయి, పులిసిన వాసన కొడుతుంది. 1869లో అమెరికాలో థామస్ వెల్చ్ అనే పళ్ల డాక్టరు ద్రాక్షరసం పులియకుండా నిలవ చేసింది కూడా ఈ వేడి పద్ధతిలోనే, ఆయనకీ కావలసింది బల్లకు మత్తు లేని రసమే. సీజన్ కానప్పుడు సీసా కొంటే లేబుల్ చదవండి. స్క్వాష్ అని ఉంటే అందులో రసం తక్కువ, పంచదార పాకం ఎక్కువ.

రొట్టె పళ్లెం గురించి చెప్పేందుకు పెద్దగా లేదు. వేఫర్లు, అంటే పల్చటి రొట్టె బిళ్లలు వాడే సంఘాలు వానాకాలంలో వాటిని బిగుతు మూత స్టీలు డబ్బాలో ఉంచకపోతే మెత్తబడి ఒకదానికొకటి అంటుకుంటాయి. 2020 తర్వాత వాడకం పెరిగిన సీలు కప్పులు, అంటే కింద రసం, పైన వేఫర్ ఉండేవి, మంచం మీద ఉన్నవాళ్లకి ఇంటికి తీసుకెళ్లడానికి మాత్రమే బాగుంటాయి. ఆరాధనలో వందమంది ఒకేసారి ఆ రేకు చింపుతుంటే ప్రార్థన వినపడదు, పెద్దవాళ్ల చేతికి ఆ రేకు ఊడి రాదు.

ఇక సెట్టులో లేని వస్తువు ఒకే పెద్ద గిన్నె. 1842 జూలై 31న అమెరికా లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరు చేరినప్పుడు విడి కప్పుల వాడుక ఇంకా రాలేదు, ఉన్నది అందరూ తాగే ఒకే పాత్ర. క్షయ, డిఫ్తీరియా భయంతో అమెరికా సంఘాలు చిన్న కప్పులకి మళ్లింది 1890లలో. ఒహాయోలో ఒక పాస్టరు 1894లో ఈ కప్పుల ఏర్పాటుకి పేటెంటు కూడా తీసుకున్నాడు. ఆరోగ్యం మాట కాదనలేనిది. కానీ మన దగ్గర ఆ ఒకే గిన్నె చెప్పిన సంగతి ఇంకొకటి ఉంది. 1833లో కలకత్తా బిషప్ డేనియల్ విల్సన్ దక్షిణాది మిషన్ సంఘాల్లో కులం పాటించడం మానాలని ఉత్తర్వు పంపితే, తంజావూరు వైపు చాలామంది సంఘం నుంచే వెళ్లిపోయారు. బల్ల దగ్గర ఎవరి తర్వాత ఎవరు తాగుతారన్నది ఆ గొడవలో పెద్ద ముడి. టీ హోటళ్లలో రెండు గ్లాసుల పద్ధతి నడిచిన పల్లెల్లో, ఒకే గిన్నెకి అందరూ పెదవి ఆనించడం చిన్న విషయం కాదు. అందరూ సమానమన్న ఆ గుర్తును 40 కప్పుల ట్రే చప్పుడు లేకుండా తీసేసింది.

పరిశుభ్రత పోకుండా దాన్ని తిరిగి తెచ్చుకునే దారి ఒకటి ఉంది, అంచుకి ముక్కున్న గిన్నె. ట్రేలో ఖాళీ కప్పులు ఉంచుతారు. వచ్చేవాళ్లు ఒక్కొక్కటి తీసుకుని ఆల్టరు ముందున్న కటకటాల దగ్గర మోకరిస్తారు. పాస్టరు అయ్యగారు ఒకే గిన్నెలోంచి అందరి కప్పుల్లోనూ కొద్దికొద్దిగా పోస్తారు. మోకరించి తీసుకునే లూథరన్, సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘాలకి ఇది ఇట్టే కుదురుతుంది. కూర్చున్న చోటికే పంచే సంఘాలకి కుదరదు, వాళ్లు గిన్నెను బల్ల మీద పెట్టి, దీవించి, అందులోంచే ట్రేలు నింపుకోవాలి. ముందే నింపిన కప్పులు మిగలడం, ఈగలు వాలడం కూడా తప్పుతాయి. మిగిలిన రసం గిన్నెలోనే ఉంటుంది, పెద్దలు తాగేస్తారు లేదా శుభ్రమైన నేల మీద పోస్తారు. ఆరాధన కాస్త సాగుతుంది, అసలే బల్ల ఉండే మొదటి ఆదివారం పొడుగు, దానికి సిద్ధపడాలి.

అర లీటరు పట్టే గిన్నె రెండు ట్రేల మందికి సరిపోతుంది. అంతకంటే పెద్దదైతే ఒంటి చేత్తో వంచడం కష్టం. ముక్కు సన్నగా, అంచు పదునుగా ఉండాలి. షాపులోనే నీళ్లు పోయించి చిన్న కప్పులోకి వంచి, ఆపి చూడండి. ఆపిన చుక్క గిన్నె కిందికి జారితే అది వద్దు. ఆల్టరు మీద తెల్లగుడ్డకి పడిన ద్రాక్ష మరక ఒక పట్టాన పోదు.