చీనీ తోటలో మడత లేని చిన్న కత్తి: ఏడేళ్ల వాడకం తరువాత

ఈ కత్తిని 2018 వేసవిలో అనంతపురంలోని ఒక కొలిమి దగ్గర చేయించుకున్నాను. అప్పటినుంచి గార్లదిన్నె వైపున్న మా చీనీ (బత్తాయి) తోటలో పని ఉన్న ప్రతిరోజూ అది నా నడుముకే ఉంటోంది. పాత లారీ కమాను పట్టీని కాల్చి సాగగొట్టిన ఉక్కు, 82 మిల్లీమీటర్ల అలుగు (పిడి బయట ఉండే ఉక్కు భాగం), నల్లతుమ్మ పిడి, రెండు ఇత్తడి రివిట్లు, ఒర కాకుండా 90 గ్రాముల బరువు. ఆ రోజు కత్తికి 350 రూపాయలు ఇచ్చాను. ఏడేళ్లు వాడిన తరువాత దాని గుణదోషాలను కచ్చితంగా చెప్పగలననిపించి ఇది రాస్తున్నాను.

అంతకుముందు నా దగ్గర మడత కత్తి ఉండేది. జేబులో ఒదిగిపోతుందన్న మాటే గానీ, తోట పనికి అది పనికిరాదని రెండేళ్లలోనే తెలిసింది. మా ఎర్రమట్టి దుమ్ము, చీనీ బెరడు జిగురు కలిసి దాని కీలులో గట్టిపడిపోయేవి. తెరవడానికి రెండు చేతులూ కావాలి, కానీ తోటలో ఒక చేయి ఎప్పుడూ కొమ్మనో పైపునో పట్టుకునే ఉంటుంది. 2017లో ఒకసారి బెరడు గీకుతూ అలుగు వెన్ను (పదును లేని మందపు అంచు) మీద కాస్త బలంగా నొక్కేసరికి, అరిగిపోయిన స్ప్రింగు ఆగక కత్తి నా చూపుడువేలి మీదికే ముడుచుకుంది. మూడు కుట్లు పడ్డాయి. ఆ గాయం మానకముందే మడత లేని కత్తి చేయించుకోవాలని నిర్ణయించుకున్నాను, ఎందుకంటే కీలు లేని చోట దుమ్ము పట్టడానికీ, జారి మూసుకోవడానికీ ఏమీ ఉండదు.

కమ్మరి పెద్దాయన నన్ను మొదట అడిగిన ప్రశ్న ఒక్కటే: "కోసేకా, చెక్కేకా? ముందు అది చెప్పప్పా." రెండూ చేయాలన్నాను. అలాగైతే వెన్ను మూడు మిల్లీమీటర్లు ఉంచుతాననీ, అంతకంటే పలచన చేస్తే చెక్కేటప్పుడు వంగుతుందనీ అన్నాడు. కమాను ఉక్కులో కార్బన్ అర శాతానికి కొంచెం ఎక్కువగా ఉంటుంది కాబట్టి, ఎర్రగా కాల్చి వెంటనే చల్లార్చితే గట్టిపడుతుంది. ఆయన వాదర (పదును అంచు) వైపు మాత్రమే, అయస్కాంతం అంటుకోవడం మానేసేదాకా కాల్చి, వాడిన ఇంజిన్ ఆయిల్లో ముంచాడు. తరువాత పైపైన రుద్ది తెల్లగా చేసి, ఎండుగడ్డి రంగు తేలేవరకు సన్నటి సెగ మీద మళ్లీ వేడిచేశాడు. ఇలా రెండోసారి కాచకపోతే వాదర గాజులా పెళుసై చిన్న చిన్న ముక్కలుగా ఊడిపోతుంది. ఏడేళ్లలో నా కత్తి వాదర రెండుసార్లు మాత్రమే పెచ్చు లేచింది; రెండుసార్లూ తప్పు నాదే, డ్రిప్ పైపు కింద రాయి ఉందని చూసుకోలేదు.

రోజువారీ పనుల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. పురికొస, నైలాన్ తాడు, ఎరువు బస్తాల కుట్లు, 16 మిల్లీమీటర్ల డ్రిప్ లేటరల్ పైపులు, ఎండిన చిన్న కొమ్మలు: వీటన్నిటికీ ఈ పొడవు చాలు. పైపును అడ్డంగా తిన్నగా కోయకపోతే కనెక్టర్ దగ్గర నీరు కారుతుంది, చిన్న అలుగు కాబట్టి బొటనవేలితో ఆనించి తిన్నగా కోయడం సులువు.

ఈ కత్తి విలువ నాకు అర్థమైంది బంక తెగులు పనిలో. ఫైటోఫ్తోరా అనే శిలీంధ్రం లాంటి సూక్ష్మజీవి బోదె మొదట్లో పట్టినప్పుడు బెరడు పగిలి బంక కారుతుంది. ఆ కుళ్లిన బెరడును గోధుమరంగు పోయి ఆరోగ్యమైన పచ్చి బెరడు కనిపించేదాకా చెక్కి, ఆ చోట బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన మందు) పూయాలి. కొడవలితో ఈ పని చేస్తే అవసరానికి మించి మంచి బెరడు కూడా పోతుంది, అంటుకత్తితో చేస్తే దాని పలుచని వాదర ఒక్క చెట్టుకే మొద్దుబారిపోతుంది. నేల మీద చతికిలబడి, ఎడమచేత్తో మట్టిని పక్కకు తోస్తూ, కుడిచేత్తో ఈ కత్తి మొనను బెరడు కిందికి దించి లేపితే, కుళ్లిన భాగం అట్టలా వచ్చేస్తుంది. ఒక వర్షాకాలం చివర నలభై చెట్లకు ఈ పని చేశాను. చేయి నొప్పి పుట్టింది గానీ పిడి ఎక్కడా కదలలేదు.

ఇక్కడే స్టెయిన్‌లెస్ కత్తికీ దీనికీ ఉన్న ఒక తేడా చెప్పాలి. బోర్డో పేస్టుకు కిలో మైలుతుత్తం, కిలో సున్నం, పది లీటర్ల నీరు. చెట్ల మీద కొట్టే ఒక శాతం బోర్డో మిశ్రమమైతే అవే కిలోలకు వంద లీటర్ల నీరు. కలపడం ప్లాస్టిక్ బకెట్లోనో కుండలోనో చేయాలి. సున్నం చాలిందా లేదా తెలుసుకోవడానికి శుభ్రమైన ఇనుప కత్తిని ఒక నిమిషం ముంచి తీయాలన్నది మా నాన్న నేర్పిన పరీక్ష. అలుగు మీద ఎర్రటి రాగి పొర పేరుకుంటే ఇంకా సున్నం కావాలని అర్థం, ఎందుకంటే విడిగా మిగిలిన రాగి ఆకులను మాడుస్తుంది. క్రోమియం కలిసిన స్టెయిన్‌లెస్ అలుగు ఈ పరీక్షలో నమ్మదగింది కాదు; మామూలు ఉక్కు అలుగు వెంటనే చెప్పేస్తుంది. నా నడుముకున్న కత్తే నా పరీక్ష పరికరం కావడం వల్ల, కూలీ మనిషి ఎంత తొందరపెట్టినా ముంచి చూడకుండా మందు కొట్టనివ్వను. పేరుకున్న రాగిని సన్నటి ఎమెరీ కాగితంతో రుద్దేస్తే పోతుంది. అయితే ఆ కత్తితోనే కాయ కోసుకుని తినకూడదు. ముందు సబ్బుతో కడగాలి. ఈ విషయంలో నేను ఇంట్లో పిల్లలకు కత్తిని ఇవ్వనే ఇవ్వను, వంటింటికి వేరే కత్తి ఉంది.

ఇంకో జాగ్రత్త చాలామంది పాటించడం లేదు. మా ప్రాంతంలో చీనీని ఎక్కువగా రంగపూర్ నిమ్మ మీద అంటు కడతారు. ఎక్సోకార్టిస్ అనే వైరాయిడ్‌కు (వైరస్ కంటే చిన్నదైన రోగకారకం) ఆ వేరుమూలం, అంటే అంటు కింది మొక్క, తట్టుకోలేదు. అది ఒక చెట్టు నుంచి మరో చెట్టుకు కోసే పనిముట్ల ద్వారా కూడా పాకుతుంది. కత్తిని మంటలో చూపించినా, స్పిరిటుతో తుడిచినా అది చావదు. ఒక శాతం సోడియం హైపోక్లోరైట్ ఉన్న బ్లీచ్ నీళ్లలో ముంచాలి. బ్లీచ్ మామూలు ఉక్కును తినేస్తుంది కాబట్టి, ముంచిన వెంటనే మంచినీళ్లలో కడిగి, తుడిచి, సాయంత్రం రెండు చుక్కల కొబ్బరినూనె రాయాలి. ఇది నిజంగా విసుగు పుట్టించే పని, ఈ ఒక్క కారణంతో స్టెయిన్‌లెస్ కొనుక్కున్నా నేను తప్పుపట్టను. అయినా ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లాలో తుప్పు బెడద తక్కువే. సెప్టెంబరు, అక్టోబరు వానల్లో తప్ప నూనె రాయడం మరిచిపోయిన రాత్రులు కూడా గడిచిపోయాయి. ఇప్పుడు అలుగంతా నల్లబూడిద రంగు తేలింది. ఆ రంగు తుప్పు కాదు, దాన్ని రుద్ది తీసేయకుండా ఉంచడమే మంచిది.

కత్తి కంటే ఒర గురించి ఎక్కువ నేర్చుకున్నాను. మొదట చెప్పులు కుట్టే ఒకాయనతో తోలు ఒర కుట్టించాను. చూడముచ్చటగా ఉండేది. తడి తోలు మాత్రం చెమటనూ మందు నీళ్లనూ పట్టుకుని అలుగును లోపలే తుప్పు పట్టించింది. మూడో ఏడు మొన కింది కుట్టును కోసేసి, నేను చెట్టు కింద కూర్చుంటుండగా తొడకు గుచ్చుకుంది. లోతైన గాయం కాదు; అయినా ఆ రోజే ఆ ఒరను పక్కన పడేశాను. ఆ తరువాత 20 మిల్లీమీటర్ల పీవీసీ పైపు ముక్కను ఆరుబయట సెగ మీద మెత్తబరిచి, గుడ్డ చుట్టిన కత్తి మీద రెండు పలకల మధ్య నొక్కి, బల్లపరుపుగా చేసుకున్నాను. మూతి దగ్గర పిడి మొదలును పట్టుకునేలా మళ్లీ కొంచెం వేడిచేసి అదిమితే, బోర్లించినా కత్తి జారదు. అడుగున చిన్న రంధ్రం ఉంచితే నీళ్లు కారిపోతాయి. పీవీసీని మంట తగలనిచ్చి మాడ్చకూడదు, ఆ పొగ మంచిది కాదు. ఖర్చు లేకుండా తయారైన ఈ ఒర నాలుగేళ్లుగా నడుస్తోంది. మడత లేని కత్తి కొనాలనుకునేవారు ముందు ఒరను చూడాలని నేను అనేది ఇందుకే.

సాన విషయంలో ఒక పొరపాటు మా ఊళ్లో అందరిదీ: గడప ముందున్న కడప బండ మీద నూరడం. అది సున్నపురాయి జాతి, మెత్తన. అలుగుకు మెరుపు వస్తుందే గానీ వాదర రాదు. నేను వారానికొకసారి 1000 నంబరు నీటిరాయి (నీళ్లతో తడిపి వాడే సానరాయి) మీద, ఒక్కో వైపు సుమారు 20 డిగ్రీల వాలుతో పది రుద్దులు రుద్ది, పాత బెల్టు తోలు మీద సవరిస్తాను. తోటలో మొద్దుబారితే పింగాణీ కప్పు అడుగున మెరుగు లేని అంచు ఆ పూటకు ఆదుకుంటుంది.

కత్తిని వెంట ఉంచుకోవడం గురించి మా సీమలో కొంచెం ఆలోచించాలి. వేటకొడవళ్ల రోజులు చూసిన ఊళ్లివి, నడుముకు కత్తి కనిపిస్తే పెద్దవాళ్ల చూపు ఇప్పటికీ మారుతుంది. 2016 నాటి ఆయుధ నియమాల్లో అలుగు 9 అంగుళాలకు మించిన లేదా 2 అంగుళాల కంటే వెడల్పైన కత్తుల ప్రస్తావన ఉంది, వ్యవసాయానికీ ఇంటి పనికీ చేసినవాటికి అందులో మినహాయింపు కూడా ఉంది; నాది మూడుంబావు అంగుళాలే. అయినా తోట గేటు దాటగానే దాన్ని బండి పెట్టెలో పెట్టి తాళం వేస్తాను, కోర్టుకు గానీ రైలుకు గానీ వెళ్లే రోజు ఇంట్లోనే వదిలేస్తాను. పంచాయతీ జరుగుతున్న చోటికి పొరపాటున కూడా తీసుకెళ్లను.

ఇక లోపాలు. మూడు మిల్లీమీటర్ల వెన్ను చెక్కడానికి బాగుంది గానీ, కాయను పలచని చక్రాలుగా కోయబోతే చీలుస్తుంది. అంటు కట్టే పనికి ఇది అసలు పనికిరాదు, కొమ్మ మీది కన్ను (మొగ్గ) తీయడానికి పలుచని అంటుకత్తి వేరుగా ఉండి తీరాలి. తుమ్మ పిడి ఎండకు ఎండి రివిట్ల దగ్గర సన్నగా చీలింది. నువ్వులనూనె పట్టించాక ఆ చీలిక పెరగలేదు. ఏడేళ్ల సానకు 22 మిల్లీమీటర్ల అలుగు వెడల్పు 20కి తగ్గింది, ఈ లెక్కన ఇంకా చాలాకాలం వస్తుంది.

మా తమ్ముడి కొడుకు ఈ ఏడు తోటపనికి దిగాడు. వాడికోసం కిందటి వారం అదే కొలిమిలో మరో కత్తి చెప్పాను: అదే కమాను ఉక్కు, అదే పొడవు, వెన్ను మాత్రం రెండున్నర మిల్లీమీటర్లు. పిడి చివర తాడుకు రంధ్రం పెట్టమన్నాను. ఒర నేనే చేసిస్తాను.