కాళ్ల కింద నుంచి పొట్ట లెక్క: 14 నెలలు వాడిన స్మార్ట్ వెయింగ్ మిషన్

ముందే చెప్తున్నా, బరువు చూపించడంలో ఈ మిషన్‌తో నాకు పేచీ లేదు. మా వీధి చివర బియ్యం అంగట్లో కాటా మీద నిలబడి చూసినా, దీని మీద నిలబడి చూసినా వంద గ్రాముల తేడా. గాజు పలక, బ్లూటూత్, యాప్ ఇవన్నీ అందరికీ తెలిసినవే, వదిలేద్దాం. నా కోపమంతా ఒక్క గడి మీద. యాప్‌లో బరువు కింద ఒక డజను గడులుంటాయి కదా, అందులో 'విసరల్ ఫ్యాట్' అని ఒకటి. పొట్ట లోపల పేగుల చుట్టూ, లివరు చుట్టూ పేరుకునే కొవ్వు. దాని పక్కన ఒక అంకె. ఆ అంకె నాతో నెలల తరబడి ఆడుకుంది.

మూడో నెలలో ఇదే మిషన్‌కు రివ్యూలో అయిదు చుక్కలు (స్టార్లు) ఇచ్చి, "పొట్ట కొవ్వు ఇంట్లోనే కొలుచుకోవచ్చు, పెట్టిన డబ్బుకు న్యాయం" అని రాసింది కూడా నేనే. ఆ మాట అబద్ధమని ఇప్పుడనను. కాకపోతే అది బరువు దిగుతున్న కాలం. 86.4 నుంచి 81కి వచ్చినా, ఆ అంకె 14 నుంచి 12కు వచ్చింది. దిగుతున్నప్పుడు ఏ మిషనైనా మంచిదే.

ఎట్ల తగ్గినావని అడిగేవాళ్లకు చెప్పేంత గొప్ప సంగతేం లేదు. పొద్దున మా అనంతపురం ఆర్ట్స్ కాలేజీ గ్రౌండులో ముక్కాలు గంట నడక. రాత్రి రెండు సంగటి ముద్దలు ఒకటైంది. ఆఫీసులో నాలుగు టీలు రెండైనాయి, చక్కెర పోయింది. ఉగ్గాని బజ్జి ఆదివారానికి మాత్రమే. నడుమ ఒక నెల కొర్రన్నం పిచ్చి కూడా పట్టింది గానీ, కొర్రలని రెండు గిన్నెలు తింటే అదీ పిండే అని డాక్టరు అన్నాక వరి అన్నమే కొంచెం తగ్గించుకుని తిన్నా. అంతే.

ఎనిమిదో నెలకు 77.2. బెల్టు మూడు రంధ్రాలు లోపలికి వచ్చింది. ఆ గడిలో అంకె 11. అక్కడ నిలబడిపోయింది.

ముఖం పీక్కుపోయింది, మెడ సన్నబడింది, ఉంగరం వేలి నుంచి జారుతోంది. పొట్ట మాత్రం బొడ్డు కింద చిన్న దిండు పెట్టుకున్నట్టు అట్లే ఉంది. సప్తగిరి సర్కిల్లో ఎదురైన ప్రతివాడూ ముందు ముఖం చూసి "ఏమప్పా, షుగర్ వచ్చిందా?" అంటాడు. తర్వాత చూపు కిందికి దిగుతుంది, "ఇంకా ఉన్నట్టుందే" అంటాడు. ముఖానికి జబ్బు, పొట్టకు ఆరోగ్యం. ఏం చెప్పాల వీళ్లకు?

అప్పుడు చేయకూడని పనులు కొన్ని చేసినా. పొట్టకు కట్టుకునే చెమట బెల్టు ఒకటి తెప్పించినా. మే నెల అనంతపురంలో, అది కట్టుకుని గంట నడిస్తే ఆరు వందల గ్రాములు దిగింది. ఇంటికొచ్చి రెండు చెంబుల నీళ్లు తాగితే ఆరు వందలూ తిరిగొచ్చినాయి. కరిగిన కొవ్వు చెమటలో పోదు, ఎక్కువ భాగం ఊపిరితోనే పోతుంది. పది కిలోల కొవ్వు కరిగితే అందులో 8.4 కిలోలు బొగ్గుపులుసు వాయువుగా బయటికి పోతుందని శాస్త్రం లెక్క. బెల్టు ఇప్పుడు మా ఆవిడ గ్యాస్ సిలిండరు కింద వేసింది, గచ్చు గీసుకుపోకుండా. పొట్ట మీద కొవ్వు కదా అని రోజుకు వంద క్రంచెస్ కూడా తీసినా. పొట్ట కండరం గట్టిపడింది, దాని మీది దిండు దిండే. ఏ చోట కండరాన్ని ఆడిస్తే ఆ చోట కొవ్వే కరుగుతుందనుకోవడం తప్పని తర్వాత తెలిసింది.

ఈ అవస్థలన్నిటికీ రోజూ పొద్దున తీర్పు చెప్పేది ఆ మిషన్. పళ్లు తోముకోకముందే ఎక్కేది, కళ్లజోడు లేకుండా ఫోను కళ్ల దగ్గర పెట్టుకుని చూసేది. 11. మరుసటి రోజు 11. ఏకాదశి ఉపవాసం ఉండి ఎక్కినా 11.

పదకొండో నెలలో ఫోను మార్చినా. యాప్ మళ్లీ వేసుకోవాల్సి వచ్చింది. ఎత్తు, పుట్టిన తేదీ, మగా ఆడా అన్నీ మళ్లీ అడిగింది. మరుసటి రోజు పొద్దున ఎక్కితే బరువు అదే 76.9. ఆ గడిలో మాత్రం 9.

తొమ్మిది! దిగి మళ్లీ ఎక్కినా. తొమ్మిదే. పాదాలు తుడుచుకుని ఎక్కినా, తొమ్మిదే. స్క్రీన్‌షాట్ తీసి మా ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టినా. గుంతకల్లు నుంచి మా బామ్మర్ది "బావా, సిక్స్ ప్యాక్ ఎప్పుడు?" అని పెట్టినాడు. నడకకు పోలేదు ఆ రోజు. నేరుగా హోటలుకు పోయి, బుధవారమైనా సరే, ఒక ప్లేటు ఉగ్గాని, మూడు మిరపకాయ బజ్జీలు తిన్నా. బొరుగుల మీద పుట్నాల పొడి, నిమ్మకాయ పిండి, ఆహా. ఇన్ని నెలల కష్టం ఫలించిన మనిషి ఎట్ల తింటాడో అట్ల తిన్నా.

మూడు రోజులు గడిచినాయి. ఇంటర్ చదివే మావాడు నా ఫోన్‌లో ఏదో వెతుకుతూ, "నాన్నా, నువ్వు పుట్టింది ఎప్పుడు?" అన్నాడు.

"డెబ్బై ఎనిమిది. ఏం?"

"ఇందులో ఎనభై ఏడని ఉంది."

అంకెలు తిప్పి కొట్టినా. కళ్లజోడు లేకుండా, నేనే. నా ఉద్యోగం అకౌంట్స్. రెండంకెలు తారుమారైతే వచ్చే తేడా ఎప్పుడూ తొమ్మిదితో తెగుతుందని, ముందు అది చూడమని, ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలకు ఇరవై ఏళ్లుగా చెప్తున్నది నేను. 87లో 78 పోతే తొమ్మిది. నా పాఠం నాకే అప్పజెప్పినట్టయింది.

సంవత్సరం సరిచేసి ఎక్కినా. 11.

అర్థమైందా? ఆ ఒక్క రోజులో నా పొట్టలో కొవ్వు గ్రాము కూడా కదల్లేదు. నేను తొమ్మిదేళ్లు చిన్నవాణ్ణని చెప్తే మిషన్ నమ్మి, చిన్నవాళ్ల పొట్ట నాకిచ్చింది. అంతే సంగతి.

ఆ రాత్రి నేనూ మావాడూ దాన్ని నడింట్లో పెట్టుకుని పరీక్షలు మొదలుపెట్టినాం. యాప్‌లో మగ తీసి ఆడ అని పెడితే ఒక అంకె. ఎత్తు పది సెంటీమీటర్లు పెంచితే ఇంకొక అంకె. అసలు పరీక్ష చెనక్కాయలది. మా ఊరి నుంచి వచ్చిన అయిదు కిలోల చెనక్కాయల సంచి మూలన ఉంది. దాన్ని చంకన పెట్టుకుని ఎక్కినా. ఆ గడి 11 నుంచి 13కు పోయింది. చంకలో ఉన్న చెనక్కాయలు నా పొట్టలో కొవ్వు కింద జమ అయినాయి! గింజలో దాదాపు సగం నూనే కాబట్టి ముందే లెక్క వేసుకుందేమో అని మావాడు పడి పడి నవ్వినాడు. నాకు నవ్వు రాలేదు. నెలల తరబడి ఈ అంకె కోసం నేను పొద్దున్నే మా ఆవిడ మీద అరిచినా.

దీని పని తీరు తర్వాత మా ఆఫీసు పక్క కాలేజీలో ఫిజిక్సు చెప్పే మిత్రుడు టీ తాగుతూ విడమరిచినాడు. పలక మీద లోహపు బిళ్లలుంటాయి కదా, వాటి నుంచి తెలియనంత చిన్న కరెంటు ఒక కాలిలోకి ఎక్కి ఇంకో కాలిలోంచి దిగుతుంది. నీళ్లున్న కండలో సులభంగా పోతుంది, కొవ్వులో అడ్డుపడుతుంది. ఆ అడ్డు ఎంతో కొలుస్తుంది, అది నిజమే. కానీ కరెంటుకు దగ్గరి దారి కాళ్లు, తుంట్లు. పొట్ట దాకా దానికి పెద్ద పనే లేదు. పొట్ట సంగతి బరువు, ఎత్తు, వయసు, మగా ఆడా అన్నవి కలిపి ఒక సూత్రంలో వేసి అంచనా కట్టేదే. "ఎదురింట్లో ఎన్ని బియ్యం ఉన్నాయో నువ్వు మీ ఇంటి గడప మీద కూర్చుని చెప్పినట్టు" అన్నాడు. నా బరువు 77 దగ్గర నిలబడింది కాబట్టి అంకె 11 దగ్గర నిలబడింది. లోపల ఏం జరిగిందీ దానికి తెలియదు.

లోపల జరిగింది మాత్రం చాలానే ఉంది. అది నాకు చెప్పిన మొదటి మనిషి పాతూర్లో మా టైలర్ భాయ్. ప్యాంట్లు వదులైనాయని మూడు తీసుకుపోతే, ఒకదాన్ని తిరగేసి వెనక కుట్టు చూపించినాడు. లోపల వదిలిన గుడ్డ మీద పాత కుట్ల గుర్తులు వరసగా మూడు, ఒకదాని పక్కన ఒకటి, సూది రంధ్రాలు చీమల బారులాగా. "ఇది దసరాకు తీసినా సార్, ఇది సంక్రాంతికి, ఇది ఇప్పుడు" అని సుద్దముక్కతో నాలుగో గీత గీసినాడు. మా ఇంట్లో ఏ యాప్‌లోనూ ఇంత చక్కటి గ్రాఫు చూడలేదు నేను. తర్వాత ఒక మాట అన్నాడు: "ప్యాంటును నమ్మొద్దు సార్. మీరంతా పొట్ట కింద కడ్తారు. తొడ తగ్గిందా, సీటు తగ్గిందా ప్యాంటు చెప్తుంది. పొట్ట కావాలంటే పొట్ట మీదే టేపు పెట్టాల."

ఎక్కడ పెట్టాలో డాక్టరు చూపించినాడు. చివరి పక్కటెముక కింది అంచు, తుంటి ఎముక పై అంచు, ఆ రెంటికీ నడుమ. మామూలుగా ఊపిరి వదిలాక, పొట్ట లోపలికి పీల్చకుండా. మన దేశపు మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80, అంతకు మించితే జాగ్రత్తపడాలని చెప్పినాడు. ఆయన ఫైల్లో నా మొదటి కొలత 104. ఎనిమిదో నెలలో 97. స్కానింగులో లివరుకు పట్టిన కొవ్వు గ్రేడ్ 2 నుంచి గ్రేడ్ 1కి దిగింది. నేను పట్టించుకోలేదు ఆ కాగితాన్ని, గడిలో 11 ఉంది కదా అని ఏడుస్తూ కూర్చున్నా.

ఆయన నా బొడ్డు కింద మడతను రెండు వేళ్లతో పట్టి, "ఇట్ల చేతికొచ్చేది చర్మం కింది కొవ్వు. లోపలిది చేతికి రాదు. బరువు తగ్గేటప్పుడు సాధారణంగా లోపలిదే ముందు పోతుంది, ఇది మొండిది, ఆలస్యంగా పోతుంది. ప్రమాదం లోపలి దానితోనే ఎక్కువ. అద్దంలో కనపడేది ఇది కాబట్టి మీకు ఏమీ జరగలేదనిపిస్తుంది" అన్నాడు. నడకకు తోడు బస్కీలు, దండీలు మొదలుపెట్టమన్నాడు. అప్పట్నుంచి బరువు కిలో అటూ ఇటూ మాత్రమే దిగింది, 76.1. టేపు మీద మాత్రం 97 కాస్తా 94.5 అయింది.

టేపును నెత్తిన పెట్టుకుంటున్నాననుకోవద్దు. ఫ్యాన్సీ అంగట్లో ముప్పై రూపాయలకు కొన్న మొదటి టేపు నాలుగు నెలల్లో సాగింది. మావాడి స్టీలు స్కేలు పక్కన పెట్టి చూస్తే మీటరు దగ్గర అర సెంటీమీటరు పైన తేడా. అంటే నేను సంబరపడిన దాంట్లో కొంత టేపు పుణ్యమే. ఇప్పుడు సాగని రకం కొన్నా, పైన చెప్పిన 94.5 దీనితో తీసిందే. దానికి తోడు రాత్రి అన్నం తిన్నాక ఒకటి, పొద్దున ఒకటి చూపిస్తుంది. పట్టు బిగిస్తే సెంటీమీటరు మాయం. అబద్ధం ఆడాలంటే దానితోనూ ఆడొచ్చు. కాకపోతే ఆ అబద్ధం మనం ఆడాల్సిందే, అది తనంతట తాను ఆడదు.

ఇంకొక విషయం, పెట్టె మీద కాదు, లోపలి బుక్కులెట్‌లో చిన్నక్షరాల్లో ఉంది. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, గర్భిణులు దీని మీద ఎక్కకూడదు, ఒంట్లోంచి కరెంటు పోతుంది కదా. కొన్న రోజు ఇంటిల్లిపాదీ వరసగా ఎక్కుతుంటే మా నాయన కూడా చెప్పులు విప్పి వచ్చినాడు. ఆయన గుండెకు పేస్‌మేకర్ వేసి మూడేళ్లు. మా ఆవిడ అడ్డం పడి ఆపింది. ఆ ఒక్క మాట పెట్టె పైన పెద్దక్షరాల్లో వేయకపోవడానికి నేను ఇంకో చుక్క తీసేస్తా.

కొనాలా వద్దా అంటే, నా సంగతి నాకే తెలుసు. 47 ఏళ్లు, ఇంకా షుగర్ రాలేదు, అంకె కనపడితే దాని వెంట పడే జబ్బు మాత్రం ఉంది. నాలాంటోళ్లకు ఇది మంచిది కాదేమో. మా ఆవిడకు ఇబ్బందే లేదు. వారానికోసారి ఎక్కి, బరువు చూసి, దిగి, మరిచిపోతుంది. బరువు వరకు చాలనుకుంటే తీసుకోండి, తొందర లేకుంటే తగ్గింపు ధర ఉన్నప్పుడు తీసుకోండి. పొట్ట కోసమని మాత్రం కొనొద్దు. నేనిచ్చిన అయిదు చుక్కలు ఇప్పుడు రెండున్నర అనుకోండి, అందులో రెండు బ్యాటరీవి, పద్నాలుగు నెలలైనా ఇంకా మార్చలేదు.

మిషన్ పారేయలేదు. ఆదివారం ఆదివారం ఎక్కుతున్నా. సాక్సు వేసుకుని. పాదాలు బిళ్లలకు తగలకపోతే కరెంటు ఎక్కదు, బరువొక్కటే చూపించి కింద గడులన్నీ ఖాళీ గీతలు పెట్టేస్తుంది. మొన్న ఎండాకాలంలో సాక్సేందని మావాడు అడిగితే ఇదే చెప్పినా.