దోసె పెనమా, గ్యాస్ గ్రిల్లా?

ఒడిశాలోని పర్లాకిమిడి, రాయగడ వైపు తిండి బండి పెట్టాలనుకునేవాళ్లకు ముందుగా వచ్చే డౌటు ఇదే.

పెనం మీద దోసె, ఆమ్లెట్, పరోటా, నూడుల్స్ అన్నీ అవుతాయి. గ్రిల్ మీద చికెన్, చేప, పనీర్ ముక్కలే. పిండి పోస్తే కిందికి పోతుంది.

పెనాన్ని ఊళ్లో వెల్డింగ్ షాపులో చేయించుకోవచ్చు. గ్రిల్ కొనుక్కోవాల్సిందే, ఖర్చూ ఎక్కువే.

మందపాటి పెనం వేడెక్కడానికి టైం పడుతుంది, కానీ ఎక్కిన వేడి నిలుస్తుంది. నీళ్లు చిలకరిస్తే బొట్లు చుయ్‌మని గెంతాలి. అప్పుడు సగం ఉల్లిపాయతో నూనె రుద్ది మొదటి దోసె పోయాలి. గ్రిల్ త్వరగా సిద్ధమవుతుంది. అయితే కొవ్వు కారి బర్నర్ మీద పడితే మంట పైకి లేస్తుంది. టార్పాలిన్ కింద పెడితే అదో టెన్షన్.

పెనాన్ని గీకి, తుడిచి, పల్చగా నూనె రాస్తే చాలు. వానాకాలంలో రాయకపోతే తుప్పే. గ్రిల్ ఊచల సందులు కడగడం మహా విసుగు.

రెండింటికీ కమర్షియల్ సిలిండరే, మామూలుగా 19 కిలోలది. ఇంటి సిలిండర్ వ్యాపారానికి వాడకూడదు.

పొద్దున టిఫిన్, రాత్రి నూడుల్స్ అమ్మేవాళ్లకు పెనమే. కాల్చిన ముక్కల కోసమే జనం వచ్చే చోట, పైన కప్పు లేని జాగా ఉంటే గ్రిల్. ఇంట్లో ఎప్పుడో ఓసారి వండుకోవడానికైతే రెండూ వద్దు, ఉన్న అట్ల పెనం చాలు.