టేపా, తక్కెడా?

చిన్న నక్షత్రం చుట్టూ పెద్ద గ్రహం దొరికిందని వార్త వచ్చినప్పుడల్లా నన్ను అడిగే ప్రశ్న ఒకటే. వీటిని పట్టడానికి ట్రాన్సిట్ (గ్రహం అడ్డొచ్చినప్పుడు నక్షత్రం వెలుగు తగ్గడం చూడటం) మేలా, రేడియల్ వెలాసిటీ (గ్రహం లాగుడుకి నక్షత్రం మనవైపూ అవతలికీ ఊగే వేగం కొలవడం) మేలా? 2025 జూన్‌లో టీఓఐ-6894బి అనే గ్రహం సంగతి బయటికొచ్చాక ఇది మరీ ఎక్కువైంది. ఇన్నాళ్లూ "రెండూ కావాలండీ" అని తప్పించుకున్నాను. ఈసారి ఒక పక్షాన నిలబడతాను.

ముందు ట్రాన్సిట్ గొప్పతనం ఒప్పుకోవాలి. గురుడు సూర్యుడికి అడ్డొస్తే వెలుగు తగ్గేది ఒక్క శాతం. టీఓఐ-6894 అనే నక్షత్రం బరువు సూర్యుడిలో ఐదో వంతే. దాని గ్రహం 3.37 రోజులకోసారి అడ్డొచ్చినప్పుడల్లా ఏకంగా 17 శాతం వెలుగు పడిపోతోంది! పైగా ట్రాన్సిట్‌తో ఒకే చూపులో వేల నక్షత్రాలు చూడొచ్చు. ఖగోళ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ బ్రయంట్ బృందం గ్రహాల వేటకు నాసా పంపిన టెస్ ఉపగ్రహం డేటాలో 91 వేలకు పైగా ఎర్ర మరుగుజ్జులను (ఇలాంటి చిన్న, మసక నక్షత్రాలను) జల్లెడ పట్టింది. రేడియల్ వెలాసిటీతో ఆ పని పెట్టుకుంటే ఒక్కో నక్షత్రం ముందూ విడిగా కూర్చోవాలి. జన్మలు చాలవు.

అయినా నా ఓటు రేడియల్ వెలాసిటీకే. కారణం బరువు. నక్షత్రం ఎంత ఊగుతోందో చూసి గ్రహాన్ని తూచే తక్కెడ అదే.

ట్రాన్సిట్ చేతిలో ఉన్నది సైజు కొలిచే టేపు. చిన్న గ్రహాలకు అది చాలావరకు సరిపోతుంది. భూమికి రెండింతలున్నది గ్రహం కాక ఇంకేమవుతుంది? శని, గురుడి సైజుకు వచ్చేసరికి మాత్రం టేపు మోసం చేస్తుంది. అక్కణ్ణుంచి బరువు రెండు వందల రెట్లు పెరిగినా వస్తువు పెద్దగా లావెక్కదు, లోపల్లోపలే నొక్కుకుపోతుంది. శనిని పక్కన పెట్టుకుని చూడండి. టీఓఐ-6894బి శని కంటే పిసరంత పెద్దది, బరువు మాత్రం శనిలో సగానికి కాస్త ఎక్కువ. 2017లో కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్తలు ప్రకటించిన ఈబీఎల్ఎం జే0555-57ఏబి కూడా దాదాపు శని సైజే. దాని బరువు? గురుడికి 85 రెట్లు. అది గ్రహం కాదు, నక్షత్రం! అదీ ఇంకో నక్షత్రానికి అడ్డొస్తూనే కనబడింది. టేపుకి ఈ మూడూ ఒకటే. అందుకే టీఓఐ-6894బిని చిలీలోని వీఎల్‌టీ అనే భారీ టెలిస్కోపుతో తూచాకే గ్రహమని తేల్చారు.

అదృష్టం సంగతి కూడా ఉంది. గ్రహం తిరిగే దారి సరిగ్గా మన చూపుకి అడ్డంగా ఉంటేనే ట్రాన్సిట్. జీజే 3512బి అనే గ్రహాన్నే తీసుకోండి. దాన్ని 2019లో స్పెయిన్‌లోని కార్మెనెస్ అనే రేడియల్ వెలాసిటీ పరికరంతో పట్టారు. నక్షత్రం బరువు సూర్యుడిలో 12 శాతం, గ్రహం బరువు కనీసం గురుడిలో దాదాపు సగం, చుట్టు తిరగడానికి 204 రోజులు. అంత దూరంలో తిరిగేది మనకి అడ్డొచ్చే అవకాశం వందకు ఒకటి కూడా లేదు. కానీ నక్షత్రం తేలిక కాబట్టి సెకనుకు 70 మీటర్ల వేగంతో ఊగుతోంది. గురుడు సూర్యుణ్ణి ఊపేది 12 మీటర్లే. అంత చిన్న నక్షత్రం దగ్గర అంత పెద్ద గ్రహం ఎలా పుట్టిందో చెప్పలేక సిద్ధాంతకర్తలు తల పట్టుకున్నారు. టేపునే నమ్ముకుని ఉంటే ఆ తలనొప్పే వచ్చేది కాదు.

ఇందాక "కనీసం" అన్నాను చూడండి, రేడియల్ వెలాసిటీ లోపం అదే. కక్ష్య ఎంత వాలి ఉందో తెలియనప్పుడు అసలు బరువు తేలదు, కనీస బరువే తెలుస్తుంది. ఈ నక్షత్రాలు మసకగా ఉంటాయి కాబట్టి పెద్ద టెలిస్కోపులు, పరారుణ పరికరాలు కావాలి. గ్రహం మీద గాలిలో ఏముందో చూడాలన్నా ట్రాన్సిట్‌దే పైచేయి. వెబ్ టెలిస్కోపుకి టీఓఐ-6894బి మీద కన్ను పడిందీ అందుకే.

మిగతావి: మైక్రోలెన్సింగ్ (ముందున్న నక్షత్రం, దాని గ్రహం ఆకర్షణకి వెనక నక్షత్రం వెలుగు పెరగడం) ఒక్కసారి మెరిసి పోతుంది, మళ్లీ చూద్దామంటే కుదరదు. నేరుగా ఫొటో తీయడం ఎక్కువగా టీడబ్ల్యూఏ 7బి లాంటి పసి గ్రహాలకే. నక్షత్రాలు ఆకాశంలో పక్కకి ఊగడాన్ని కొలిచిన గయా ఉపగ్రహం నాలుగో విడత డేటా 2026 డిసెంబర్‌కి అనుకుంటున్నారు. అది వచ్చాక నా ఓటు మారినా మారొచ్చు.