బరంపురంలో బోటు ఇంజన్ల వైరింగు చూసే పెద్దాయన షాపు, మా అనుభవం

మాది ఒడిశాలో బరంపురం పక్కన గోపాలపురం, తాతల నాటి నుంచీ సముద్రం మీదే బతుకు. ఫైబర్ బోటు, దానికి 9.9 హార్స్‌పవర్ ఔట్‌బోర్డ్ ఇంజను, తాడు లాగి స్టార్ట్ చేసే రకం. ఈ రివ్యూ ఎందుకు రాస్తున్నానంటే ఈ ఏడాది వేట మొదలైన రోజుల్లోనే మాకు నాలుగు రోజులు ఒట్టి పుణ్యానికి పోయాయి, అదీ వేలెడంత స్విచ్ వల్ల, దాని సంగతి తెలిసిన మనిషి మాకు గంట దూరం కూడా కాదు, పక్కనే బరంపురంలో ఉన్నాడు, మాకే తెలీలేదు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు నిషేధం కదా, బోటు ఒడ్డు మీదకి లాగీసి ఇంజను ఇంటికి తెచ్చి వరండాలో చెక్కకి బిగించి గోనెపట్టా కప్పీసాం. జూన్ 15న చీకటుండగానే బోటు దింపి తాడు లాగితే ఏటీ లేదు. నేను లాగాను, మా తమ్ముడు లాగాడు, అరచేతులు బొబ్బలెక్కాయి. ప్లగ్గు ఇప్పి చూస్తే తడిసే ఉంది, అంటే ఆయిలు వస్తంది, కరెంటే లేదు. కొత్త ప్లగ్గు వేసినా అంతే. పక్క బోట్లన్నీ వెళ్ళిపోయాయి, మేం ఇసకలో కూచున్నాం.

సరే అని దగ్గర్లో ఉన్న ఒక మెకానిక్‌ని పిలిస్తే ఆయన కవరు తీసి ఐదు నిమిషాలు చూసి సీడీఐ (ప్లగ్గుకి కరెంటు పంపే డబ్బా) పోయింది, కొత్తది 8,500 అవుతాది, విశాఖపట్నం నుంచి తెప్పించాలి అన్నాడు. మీటరు పెట్టలేదు, ఒక్క వైరు కూడా విప్పలేదు. పైగా అప్పుడే రజ పండగ, మూడు రోజులు ఇక్కడ ఒక్క షాపు తెరవదు, ఒడిశాలో ఉన్నవాళ్ళకి తెలుసు. డబ్బులు సర్దుకుంటా కూచుంటే మా చిన్నాన్న అన్నాడు, ఒరే ముందు బరంపురంలో పెద్దాయనకి చూపించు, ఆయన చెప్తే అప్పుడు కొందువుగాని అని. పండగవగానే ఇంజను ఆటోలో వేసుకుని వెళ్ళాం.

షాపుకి బోర్డు లేదు. గోపాలపురం రోడ్డు పట్టుకుని ఊళ్ళోకొస్తుంటే రేకుల షెడ్డు, ముందర నీళ్ళ డ్రమ్ము, దానికి తగిలించి ఏదో ఒక ఇంజను ఉంటాది, అదే గుర్తు. ఆయన తెలుగూ ఒడియా రెండూ మాట్లాడతాడు, ఇచ్ఛాపురం వైపు నుంచి కూడా జనం వస్తారు.

ఆయన మొట్టమొదట సీడీఐ జోలికే వెళ్ళలేదు. "స్టాప్ స్విచ్ ఎప్పుడు మార్చావు బాబూ" అన్నాడు. ఎప్పుడూ మార్చలేదన్నాను. అప్పుడు విడమరిచి చెప్పాడు. ఈ ఇంజనుకి బ్యాటరీ లేదు, ఫ్లైవీల్ అయస్కాంతాలు తిరిగితే కాయిల్లో కరెంటు పుట్టి సీడీఐలోకి, అక్కణ్ణించి ప్లగ్గుకి వెళ్తాది. ఆ కరెంటుని ఎర్త్‌లోకి దింపీడమే స్టాప్ స్విచ్ పని. ఇంట్లో లైటు స్విచ్‌కి ఇది ఉల్టా అన్నమాట, కలిస్తే ఇంజను ఆగుతాది, విడిపోతే నడుస్తాది. కాబట్టి స్విచ్ లోపల్లోపలే కలిసిపోయి ఉంటే నువ్వు రోజంతా తాడు లాగినా కరెంటు రాదు, సీడీఐ మాత్రం నిక్షేపంగా ఉంటాది.

తర్వాత స్విచ్ నుంచి వచ్చే రెండు వైర్ల కనెక్టర్లు లాగీసి మీటరు బీప్‌లో పెట్టాడు. నడిపేవాడు చేతికి కట్టుకునే ఎర్ర తాడు క్లిప్పు స్విచ్ మీద దాని జాగాలో ఉన్నప్పుడు, బటను నొక్కనప్పుడు బీప్ రాకూడదు. మాది కుయ్‌మని ఆగకుండా మోగింది! ఇంకా నమ్మకం కోసం ఆ స్టాప్ వైరు అలాగే విడిగా ఉంచి, ప్లగ్గుని ఇంజను బాడీకి ఆనించి, నన్ను తాడు లాగమన్నాడు. టక్ టక్‌మని నీలం రంగు కరెంటు. అది చూసేసరికి నాకు కళ్ళంట నీళ్ళొచ్చాయి, నిజం చెప్తున్నాను, 8,500 అంటే మాకు చిన్న మాట కాదు.

స్విచ్ ఇప్పి నా అరచేతిలో పెట్టి చూపించాడు. లోపల స్ప్రింగు తుప్పు పట్టి రెండు ముక్కలు, బటను వెనక్కి రాకుండా లోపలే ఇరుక్కుపోయింది, ఇత్తడి మీద పచ్చగా చిలుము, గోటితో గీకితే పొడిపొడిగా రాలింది. 61 రోజులు ఉప్పుగాలిలో ఉంచాం గదా, పెట్టే ముందు మంచినీళ్ళతో కడిగామే గానీ స్విచ్‌ని ఎవరు చూస్తారు. కంపెనీ తప్పని అనను, అది ఉప్పు చేసిన పని.

నాకు బాగా నచ్చింది ఏటంటే, అన్నా ఆ వైరు కట్ చేసి వదిలీ, బోటు నడిస్తే చాలు అని మా తమ్ముడు అన్నాడు, చాలామంది అలాగే నడుపుతున్నారు కూడా. పెద్దాయనకి కోపం వచ్చింది. కెరటం తగిలి నువ్వు నీళ్ళలో పడితే నీ చేతికి కట్టిన తాడు క్లిప్పుని లాగీడం వల్లే ఇంజను ఆగుతాది, అది లేకపోతే బోటు నిన్నొదిలి పోతాది, లేదా గుండ్రంగా తిరిగి ఫ్యానుతో నీ మీదకే వస్తాది, నేనా పని చెయ్యను, వేరే షాపు చూసుకో అన్నాడు. డబ్బుకి ఆశపడే మనిషైతే ఆ వైరు కత్తిరించి వంద తీసుకుని పంపీసేవాడు. కొత్త స్విచ్ 900, పనికి 350, అంతే. కనెక్టర్లలో గ్రీజు పెట్టి, వైరు అతుకు దగ్గర లోపల జిగురుండే ట్యూబు వేసి వేడి చేసి బిగించాడు. వైరు కూడా కళాయి పూసిన రాగిదే వాడతాడు, ఇళ్ళ వైరింగుకి వాడే మామూలు రాగి వైరు తొడుగు లోపలే నల్లబడిపోతాదంట.

మళ్ళీ జూలైలో మా బామ్మర్ది ఇంజను కోసం వెళ్ళాం. అతనిది చిల్కాలో, రంభ దగ్గర, 40 హార్స్‌పవర్, తాళంచెవితో స్టార్ట్ అయ్యేది. తాళం తిప్పితే కనీసం టిక్‌మని కూడా అనట్లేదు. అందరూ స్టార్టర్ మోటారే అన్నారు. ఈయన బ్యాటరీ చూశాడు, 12.6 వోల్టులు ఉంది. ఫ్యూజు బాగుంది. అప్పుడు స్కూటర్ ఇండికేటర్ బల్బుకి రెండు వైర్లు కట్టింది ఒకటి తీశాడు, మీటరు కంటే దీన్నే ఎక్కువ నమ్ముతాడు, ఎందుకంటే చిలుము పట్టిన వైరులో కూడా మీటరు 12 చూపిస్తాది, లోడు పడితే అది నిలవదు, బల్బు పెడితే ఎలగదు కాబట్టి దొరికిపోతాది. యమహా వైరింగులో ఎరుపు బ్యాటరీ నుంచి వచ్చేది, గోధుమరంగు స్టార్ట్‌ది, తెలుపు స్టాప్‌ది, నలుపు ఎర్త్, మెర్క్యురీలో అయితే స్టాప్ వైరు నలుపు మీద పసుపు గీత. తాళం తిప్పితే స్విచ్ వెనక గోధుమరంగు వైరు దగ్గర బల్బు ఎలిగింది, స్టార్టర్ మోటారుకి కరెంటు కలిపే రిలే దగ్గర ఎలగలేదు. మధ్యలో ఉన్నది గేరు లివరుండే బాక్సులో న్యూట్రల్ స్విచ్ ఒక్కటే, గేరులో ఉండగా స్టార్ట్ అవ్వకుండా ఆపేది. మా బామ్మర్దిని లివరు కొంచెం కదుపుతా తాళం తిప్పమన్నాడు, గర్రున తిరిగింది మోటారు. అదే రోజు మార్చి ఇచ్చాడు.

ఇంకో మాట మరీమరీ చెప్పాడు, అందరికీ పనికొస్తాది: టెస్టు చేస్తున్నాం కదా అని బ్యాటరీ కరెంటుని ఆ స్టాప్ వైరుకి ఎప్పుడూ తగిలించకూడదు, బాగున్న సీడీఐ అప్పుడు నిజంగానే కాలిపోతాది.

ఇబ్బందులు కూడా చెప్పాలి. మనిషి చాలా నెమ్మది, ఒక్కడే చేస్తాడు, ముందు వచ్చినవాళ్ళది అయ్యేదాకా మనది ముట్టుకోడు. మాకు పొద్దున్న తొమ్మిదింటికి వెళ్తే మూడయింది. పెద్ద స్పేర్లు స్టాకు ఉండవు. ఫోన్‌పే లేదు, బిల్లు ఇవ్వడు, కూర్చోడానికి ఒక బల్ల ఉంది, అదీ ఎండలో. బిల్లు గురించి నాకు కొంచెం బాధే, సొసైటీలో చూపించుకోడానికి ఉండాలి.

వెళ్ళేవాళ్ళు ఇంజను ఒక్కటే కాకుండా క్లిప్పున్న ఎర్ర తాడు, తాళం రకమైతే గేరు లివరుండే బాక్సూ దాని వైరు మొత్తం పట్టుకెళ్ళండి. మా బామ్మర్ది బాక్సు బోటులోనే వదిలీసి వచ్చాడు, దానికోసం మళ్ళీ రంభ వెళ్ళి రావాల్సొచ్చింది.